ఆధారం ఏదీ?

2009 డిసెంబరులో ఒక శనివారం రాత్రి నేను బొబ్బిలి యుద్ధంలోకి దిగాను. బయట అడుగు మందాన మంచు పడి ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఆఫీసు పని ఏదో మిగిలితే పూర్తిచేద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నవాణ్ణి, ఎందుకు బుద్ధి పుట్టిందో, ఇంగ్లీషు వికీపీడియాలో బొబ్బిలి గురించి వెతికాను. మా అమ్మగారి ఊరు బొబ్బిలికి ఆరు మైళ్ళు. అక్కడ ఉన్నది చదివితే ఏమాత్రం తృప్తి కలగలేదు. పాపారాయుడి గురించి ఇంతేనా అనిపించింది. చిన్నప్పుడు సంక్రాంతికి బుర్రకథలో విన్నదీ, 1986లో కృష్ణంరాజు గారి 'తాండ్ర పాపారాయుడు' సినిమాలో చూసిందీ, మా తాత అరుగు మీద కూర్చుని చెప్పిందీ అన్నీ కలిపి రెండు గంటల్లో నాలుగు పేరాలు రాసేశాను. మా తాత వైపు పూర్వీకుడొకాయన ఆనాడు కోటలోనే ఉండి, బురుజు మీద ప్రాణం విడిచాడని మా ఇంట్లో చెప్పుకునే మాట ఒకటుంది. అది కూడా ఒక వాక్యంలో చేర్చాను. భద్రపరచి, యుద్ధం గెలిచినంత సంతోషంగా పడుకున్నాను.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ చూస్తే నా నాలుగు పేరాలూ లేవు. తీసేసినవారు కారణం రాశారు. మూలం చూపలేదట. అంతే.

కోపం వచ్చింది. బొబ్బిలి ఎక్కడుందో పటంలో చూపించలేనివాడెవడో కూర్చుని మా తాత చెప్పిన మాటను కొట్టేశాడే అనుకున్నాను. వెంటనే ఇండియాకి ఫోను చేశాను. అప్పటికి తాతకు ఎనభై నాలుగేళ్ళు. "తాతా, మనవాళ్ళొకాయన బొబ్బిలి కోటలో చనిపోయాడని చెప్పేవాడివి కదా, అది ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఏట్రా, నా మాటకి సాచ్చీకం కావాలా నీకు? మా తాత నాకు సెప్పాడు. ఆయనకి ఆల తాత సెప్పాడు. రాసినోడు సెప్పినోడి కన్నా పెద్దోడా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం వెతుక్కున్న కథ.

ఎవరు వీళ్ళు?

వికీపీడియా గురించి ఈ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2001 జనవరిలో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో పుట్టింది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అయితే మనలో చాలామందిమి పైకి కనిపించే వ్యాసం చదివి వెళ్ళిపోతాం. దాని వెనకాల ప్రతి దిద్దుబాటునీ దాచిన చరిత్ర ఒకటి, ఆ వ్యాసం గురించి వాదించుకునే చర్చాపేజీ ఒకటి ఉంటాయి. అసలు పని జరిగేది అక్కడ.

నా పేరాలు తీసేసినాయన మర్నాడు నా చర్చాపేజీలో మర్యాదగా నాలుగు మాటలు రాశాడు. మీకు ఈ విషయం మీద ఆసక్తి ఉన్నట్టుంది, రాబర్ట్ ఓర్మ్ పుస్తకం చూశారా, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది అని. ఆయన పేరు నాకు తెలియదు, ఉన్నది మారుపేరే. సైనిక చరిత్ర వ్యాసాలను బాగుచేసే వికీప్రాజెక్టులో పనిచేస్తున్నాడని మాత్రం తెలిసింది. ఆ ముక్క పట్టుకుని వెళ్ళి చూస్తే నాకు మతిపోయింది.

జీతం లేదు, పేరు రాదు, పుస్తకం మీద అచ్చు పడదు. అయినా ఆ ప్రాజెక్టులో మన ఆఫీసుల్లో కూడా కనిపించని క్రమశిక్షణ ఉంది. ప్రతి వ్యాసానికీ ఒక తరగతి ఇస్తారు. రెండు మూడు వాక్యాలుంటే మొలక. ఆ పైన ప్రారంభ తరగతి, సి, బి, మంచి వ్యాసం, ఎ, చివరికి విశేష వ్యాసం. బి తరగతికి అయిదు పరీక్షలున్నాయి. మూలాలు చూపారా, విషయం ముఖ్యమైన మేరకు వచ్చిందా, కూర్పు ఉందా, భాష తప్పుల్లేకుండా ఉందా, పటాలూ సమాచారపెట్టె లాంటివి ఉన్నాయా అని. ఎ తరగతి రావాలంటే ఆ వ్యాసంతో సంబంధం లేని కనీసం ముగ్గురు చదివి, ప్రశ్నలు వేసి, సరేననాలి. ఏడాదికోసారి సమన్వయకర్తలను ఎన్నుకుంటారు. 'బ్యూగుల్' అని ఒక వార్తాపత్రిక కూడా నడుపుతారు. ప్రపంచంలోని యుద్ధనౌకల వ్యాసాలన్నింటినీ విశేష వ్యాసం స్థాయికి తీసుకురావాలని 2009లో ఒక ఉద్యమమే మొదలుపెట్టారు. ఒక్కొక్క ఓడకూ ఫిరంగుల కొలతలు, కవచం మందం, ఎక్కడ తయారైంది, ఎక్కడ మునిగింది, అన్నింటికీ పుటల సంఖ్యతో సహా మూలాలు!

మా సాఫ్టువేరువాళ్ళకు ఇది తెలిసిన పద్ధతే. మనం రాసిన ప్రోగ్రామును మనమే బాగుందనుకుంటే చాలదు. పక్కవాడు చదివి, ఈ లైను ఎందుకు రాశావు, ఈ సంఖ్య ఎక్కడిది అని అడగాలి. జవాబు చెప్పలేకపోతే అది లోపలికి పోదు. ఆఫీసులో రోజూ ఇతరుల్ని ఈ ప్రశ్నలు అడిగే నేను, బొబ్బిలి విషయంలో ఎవరో అడిగేసరికి ఉడుక్కున్నాను. అదీ నా సంగతి.

మూడు పాఠాలు

వీళ్ళ పద్ధతి అంతా నిర్దోషం అనుకోకండి. ఆ పద్ధతి ఎక్కడెక్కడ బెడిసికొట్టిందో చూస్తేనే దాని విలువా హద్దులూ తెలుస్తాయి. నాకు బాగా గుర్తుండిపోయినవి మూడు.

మొదటిది మన దేశానికి సంబంధించినదే. 2007లో ఇంగ్లీషు వికీపీడియాలో ఎవరో 'బిచోలిం సంఘర్షణ' అని ఒక వ్యాసం రాశారు. 1640-41లో గోవా పోర్చుగీసువాళ్ళకూ మరాఠా సామ్రాజ్యానికీ మధ్య జరిగిన యుద్ధమట అది. దాదాపు 4,500 పదాలు. పొందికైన భాష, కింద బారెడు మూలాల పట్టిక. దానికి 'మంచి వ్యాసం' హోదా కూడా వచ్చింది. అయిదేళ్ళు అలాగే ఉంది. 2012 డిసెంబరులో ఒక స్వచ్ఛంద కార్యకర్త ఆ మూలాలను ఒక్కొక్కటిగా వెతకబోతే, అవి దొరకలేదు. అసలు ఆ పుస్తకాలే లేవు. ఆ యుద్ధమూ జరగలేదు. తాపీగా ఆలోచిస్తే మనకైనా అనుమానం రావలసింది. శివాజీ పుట్టింది 1630లో. 1640 నాటికి పదేళ్ళ పిల్లవాడు. ఆయన పట్టాభిషేకం 1674లో. మరి 1640లో మరాఠా సామ్రాజ్యం ఎక్కడిది? ఇది తట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు, మన స్కూలు పుస్తకం చాలు. కానీ పరీక్షించినవాళ్ళు మూలాలున్నాయా అని చూశారు గాని, మూలాలు నిజమైనవా అని చూడలేదు.

రెండోది రెండో ప్రపంచ యుద్ధం సంగతి. జర్మన్ సైనికాధికారుల మీద ఇంగ్లీషులో వందల వ్యాసాలుండేవి. వాళ్ళకొచ్చిన పతకాలు, కూల్చిన విమానాలు, ధ్వంసం చేసిన ట్యాంకులు, అన్నింటికీ లెక్కలు. మూలాలూ ఉండేవి. కాకపోతే వాటిలో కొన్ని ఆ సైనికులను వీరులుగా పొగడటానికి రాసిన కాలక్షేపం పుస్తకాలు. క్సేనియా కాఫ్‌మన్ అనే ఆమె, వృత్తిరీత్యా చరిత్రకారిణి కాదు, వీటిని ఏళ్ళ తరబడి పరిశీలించి, నమ్మదగని మూలాల మీద నిలబెట్టిన రాతను తీసివేస్తూ వచ్చింది. సైనిక చరిత్ర ప్రాజెక్టులోనే కొందరు ఆమెను గట్టిగా ఎదిరించారు. తగవు 2018లో వికీపీడియా మధ్యవర్తుల సంఘం దాకా వెళ్ళింది. 2021లో 'వైర్డ్' పత్రిక ఆమె పని గురించి పెద్ద కథనం వేసింది. ఇక్కడ మూలం ఉండటం కాదు, ఎవరి మూలం అన్నదే ప్రశ్న. పతకాల లెక్క నిజమే కావచ్చు. ఆ పతకం వచ్చిన చోట ఊళ్ళో జనం ఏమయ్యారన్నది చెప్పకపోతే, ఆ నిజం అబద్ధం పనే చేస్తుంది.

మూడోది మనం ఉంటున్న ఈ దేశపు యుద్ధం, 1812 నాటిది. అమెరికాకూ బ్రిటన్‌కూ జరిగిన ఆ యుద్ధంలో గెలిచిందెవరు? ఇక్కడి పిల్లల్ని అడగండి, కెనడాలో ఉన్న మన బంధువుల పిల్లల్ని అడగండి, రెండు జవాబులొస్తాయి. ఆ వ్యాసం చర్చాపేజీలో ఈ ఒక్క ప్రశ్న మీద ఏళ్ళ తరబడి యుద్ధం నడిచింది. రిచర్డ్ జెన్సెన్ అనే చరిత్రకారుడు, స్వయంగా వికీపీడియాలో రాసినాయన, 2012లో 'జర్నల్ ఆఫ్ మిలిటరీ హిస్టరీ'లో దీని మీద ఒక పరిశోధన వ్యాసం రాశారు. వేలమంది చేతులు పడిన ఆ రచనలో ఉత్సాహానికి లోటు లేదనీ, లోటంతా మంచి పుస్తకాలూ పరిశోధన పత్రికలూ అందుబాటులో లేకపోవడమేననీ ఆయన ఫిర్యాదు. ఉచితంగా దొరికేది చదివి రాస్తారు. ఉచితంగా దొరికేవి సాధారణంగా పాతవి. తర్వాత్తర్వాత వికీపీడియా లైబ్రరీ పేరుతో, అనుభవం ఉన్న కార్యకర్తలకు అలాంటి పత్రికలు చదివే వీలు కల్పించారు. అది మంచి మార్పు.

ఈ మూడో పాఠం నా సొంత గాయం మీద ఉప్పు చల్లినట్టయింది. బొబ్బిలికి ఉచితంగా దొరికే పాత పుస్తకం ఏది? ఓర్మ్. ఎవరాయన?

ఓర్మ్ చెప్పిన బొబ్బిలి

రాబర్ట్ ఓర్మ్ 1728లో కేరళ తీరంలోని అంజెంగోలో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, చెన్నపట్నం కౌన్సిల్లో సభ్యుడు. కంపెనీ యుద్ధాల చరిత్ర రాశాడు. మొదటి సంపుటం 1763లో, రెండోది 1778లో వచ్చాయి. బొబ్బిలి రెండోదానిలో ఉంది.

1757 జనవరి 24న జరిగిన యుద్ధాన్ని ఆయన వర్ణించిన పుటలు చదువుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట 750 మంది యూరోపియన్లు, వారిలో 250 మంది గుర్రపుదళం. నాలుగు ఫిరంగులు. తోడుగా విజయనగరం రాజు విజయరామరాజు సైన్యం. తగవు మూలాల్లో వాగుల నీళ్ళ మళ్ళింపు గొడవ కూడా ఒకటి. ఉత్తరాంధ్రలో పొలం గట్టు మీద ఇవాళ జరిగే తగవూ అదే! కోట నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఇళ్ళకు తామే నిప్పు పెట్టారు. ఆడవాళ్ళనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకుని, తిరిగి గోడల మీదికి వచ్చి పోరాడి చచ్చిపోయారు. అంతా అయ్యాక ఒక ముసలాయన చిన్న పిల్లవాణ్ణి చేయిపట్టుకుని తీసుకొచ్చి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. వీడు రంగారావు కొడుకు, వాళ్ళ నాన్న ఇష్టానికి వ్యతిరేకంగా నేను కాపాడాను అన్నాడట.

ఆ తర్వాత నలుగురు బొబ్బిలి సైనికులు రాత్రివేళ గోడ దిగారు. శత్రుశిబిరం మధ్యనుంచే నడిచి వెళ్ళారు. ఎవరూ అనుమానించలేదు. ఎందుకంటే ఇరువైపులవారిదీ ఒకే భాష అంటాడు ఓర్మ్. రెండు రోజులు పొదల్లో దాక్కుని, వారిలో ఇద్దరు మళ్ళీ వచ్చి, మళ్ళీ ఆ భాషతోనే కాపలావాళ్ళను నమ్మించి, డేరా వెనకనుంచి పాకి, నిద్రపోతున్న విజయరామరాజును పొడిచి చంపారు. ముప్ఫై రెండు పోట్లు. ఆ ఇద్దరినీ అక్కడికక్కడే కాల్చేశారు.

ఇదంతా చదివి పుస్తకం మూసేశాక తట్టింది. ఆ పుటల్లో పాపారాయుడి పేరు లేదు.

మన కథల్లో పాపారాయుడు రాజాంలో ఉండి, కబురు ఆలస్యంగా అంది, కోట కూలాక వచ్చి పగ తీర్చుకుంటాడు. ఓర్మ్ దగ్గర ఆ పని చేసింది పేరు లేని ఇద్దరు సైనికులు. నేను అర్ధరాత్రి నాలుగు పేరాల్లో వీరావేశంతో రాసిన మనిషి, అందరూ చూపించే మూలంలో లేడు. నన్ను కొట్టేసినాయన తప్పు చేయలేదు. నేనే బుర్రకథకు మూలం అక్కర్లేదనుకున్నాను.

అలాగని ఓర్మ్ మాటే వేదమా? ఆయన బొబ్బిలిలో లేడు. యుద్ధం జరిగిన రోజున మద్రాసులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. పుస్తకం అచ్చయింది ఇరవై ఒక్క ఏళ్ళకు. ఎవరో చెప్పగా విని రాసినవాడే. అంటే ఆయన కూడా మా తాతలాగా కథ విన్నవాడే. తేడా ఒక్కటే, ఆయన ఇంగ్లీషులో రాశాడు, అచ్చు వేశాడు.

విజయనగరం ఆయన

ఇక్కడ నా ఒంటరి యుద్ధంలోకి మరొకాయన వచ్చారు. 2012లో మా ఊరి తెలుగు సంఘం ఉగాది భోజనాల దగ్గర పరిచయమయ్యారు. నా కన్నా అయిదారేళ్ళు పెద్ద, విజయనగరం ఆయన, మెకానికల్ ఇంజనీరు. నేను బొబ్బిలి గురించి ఉపన్యాసం ఇస్తుంటే పులిహోర పళ్ళెం పట్టుకుని ఓపిగ్గా విన్నారు. విని, "మీ బొబ్బిలి కథల్లో మా రాజు ఎప్పుడూ దుర్మార్గుడేనండీ. సినిమాలో కూడా అంతే. మా ఊళ్ళో పిల్లలు ఆ సినిమా చూసి ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలీక బిక్కమొహం వేసుకునేవాళ్ళం తెలుసా?" అన్నారు.

నేను నవ్వేశాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఆ వైపునుంచి చూడాలని నాకు ఒక్కసారైనా తట్టలేదు. నేను చేసింది జర్మన్ వీరుల వ్యాసాలు రాసినవాళ్ళు చేసిన పనికి దూరం కాదు. మనవాడి పతకాలు లెక్కపెట్టుకున్నాను.

మర్నాడు ఆయనకు ఫోను చేసి, ఇద్దరం కలిసి చేద్దామా అన్నాను. ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. బొబ్బిలి దగ్గర ఆగకూడదు, ఆ తర్వాతేం జరిగిందో కూడా చూడాలి.

చూశాం. విజయరామరాజు తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. 1758లో విశాఖపట్నాన్ని వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్ళను రమ్మని కబురు పెట్టాడు. బెంగాలునుంచి క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు. ఆ డిసెంబరులోనే పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట పడిపోయింది. 1765-66 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వెళ్ళాయి. రెండు తెలుగు సంస్థానాల తగవులో ఫ్రెంచివాడు ఒకరి పక్షాన వచ్చాడు, ఆ గాయంలోంచి ఇంగ్లీషువాడు రెండోసారి వచ్చాడు, వచ్చినవాడు పోలేదు.

ఇంకొకటి కూడా ఆయన నాకు చూపించారు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర అదే విజయనగరం సంస్థానానికి చెందిన, అదే పేరున్న మరో విజయరామరాజు, పేష్కషు కోసం మెడ మీద కత్తి పెట్టిన కంపెనీతో పోరాడి చనిపోయాడు. పద్మనాభం గురించి ఎంతమందికి తెలుసు? "మాకూ ఒక వీరుడున్నాడండీ, కానీ ఆయనకు సినిమా లేదు" అన్నారు ఆయన.

పని పంచుకున్నాం. ఇంగ్లీషు పుస్తకాలు నావి. తెలుగు మూలాలు ఆయనవి. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' సంపాదించారు. మల్లేశం పేరుతో ప్రసిద్ధమైన బొబ్బిలి పాట చదివారు. పద్యం నాకు ఒక్క ముక్క ఎక్కేది కాదు, శనివారం పొద్దున్న ఫోనులో ఓపిగ్గా అర్థం చెప్పేవారు. చర్చాపేజీలో పోట్లాడుకునేవాళ్ళం కూడా. చందుర్తి యుద్ధం డిసెంబరు 7 అని కొన్ని పుస్తకాలు, 9 అని కొన్ని. ఆ రెండు రోజుల మీద మాకు రెండు వారాలు పట్టింది. చివరికి రెండూ రాసి, ఏ తేదీ ఎవరు చెప్పారో పక్కన పెట్టాం.

పాటకూ పుస్తకానికీ మధ్య

అసలు చిక్కు వేరే ఉంది. వికీపీడియాలో మౌలిక పరిశోధన నిషిద్ధం. అంటే నేను పద్యకావ్యం చదివి, పాట విని, ఓర్మ్‌తో పోల్చి, ఇది నిజం ఇది కల్పన అని తేల్చి రాయడానికి వీల్లేదు. ఆ తేల్చడం ఎవరైనా పండితులు ముందే చేసి, అచ్చువేసి ఉండాలి. మొదట ఇది అన్యాయంగా తోచింది. యూరపులో జరిగిన యుద్ధానికైతే వంద పుస్తకాలుంటాయి. మనకు పాటలే ఉన్నాయి. పాట మూలం కాదంటే మన చరిత్ర సగం బయటే నిలబడిపోతుంది.

అదృష్టవశాత్తూ బొబ్బిలికి ఆ పని చేసినవాళ్ళున్నారు. విస్కాన్సిన్‌లో చాలాకాలం పాఠాలు చెప్పిన మన వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' అనే పుస్తకం తెచ్చారు. అందులో బొబ్బిలి మీద సుదీర్ఘమైన చర్చ ఉంది. దక్షిణ భారతంలో చరిత్ర రాయడానికంటూ ఒక ప్రత్యేకమైన ప్రక్రియ లేదనీ, ఆయా కాలాల్లో ఏ ప్రక్రియ ప్రధానంగా ఉంటే, అది కావ్యమైనా పాటైనా వచనమైనా, చరిత్రను అందులోనే రాసుకున్నారనీ వారి వాదన. ఆ సమాజంలో పుట్టి పెరిగిన పాఠకుడికి ఎక్కడ జరిగింది చెబుతున్నారో, ఎక్కడ కథ అల్లుతున్నారో రచన అల్లికను బట్టే తెలిసిపోయేదట. ఆ తెలివి పోగొట్టుకున్నది తర్వాత వచ్చిన మనం.

ఆ పుస్తకం చేతికొచ్చాక మా దారి సులువైంది. 'పాపారాయుడు చంపాడు' అని రాయలేం. 'పాపారాయుడు లేడు' అనీ రాయలేం. ఓర్మ్ ఇలా రాశాడు, తెలుగు కథనాల్లో ఇలా ఉంది, పండితులు వాటిని ఇలా పోల్చారు అని ఎవరి మాట వారి నోటితోనే చెప్పించాం. నాలుగు పేరాలు ఒక్క రాత్రిలో రాసిన నాకు, ఈసారి ఒక చలికాలం పట్టింది. ఒక్క వాక్యం కూడా ఎవరూ కొట్టేయలేదు.

కాని ఒకచోట ఓడిపోయాం. యుద్ధాల వ్యాసాలకు పక్కన ఒక పెట్టె ఉంటుంది. తేదీ, స్థలం, సేనానులు, బలం, నష్టం, ఫలితం. నా వృత్తి అదే కనుక గళ్ళు నింపడం నాకిష్టం. 'ఫలితం' దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఫ్రెంచి విజయం అని రాయాలి. నిజమే, కోట పట్టుకున్నారు. పట్టుకున్న కోటలో ఏలుకోవడానికి మనుషులు లేరు. గెలిచిన రాజు మూడు రోజులు బతకలేదు. గెలిపించిన ఫ్రెంచివాళ్ళు రెండేళ్ళలో ఆ సర్కారులు పోగొట్టుకున్నారు. 'నష్టం' గడిలో సైనికులకు చోటుంది. సొంతవాళ్ళ చేతుల్లో చచ్చిపోయిన ఆడవాళ్ళనూ పిల్లలనూ ఏ గడిలో ఎలా రాయాలో మాకు తోచలేదు. "ఆ పెట్టె వదిలేద్దామండీ, వ్యాసంలో రాద్దాం" అన్నారు విజయనగరం ఆయన. అలాగే చేశాం.

మేము రాసినదాంట్లో ఇవాళ ఎంత మిగిలిందో నేను లెక్కపెట్టలేదు. తర్వాతివాళ్ళు మారుస్తారు, మార్చాలి కూడా. మాకన్నా మంచి పుస్తకం చదివినవాడు వచ్చి కొట్టేస్తే సంతోషమే. అయితే వాడు కారణం రాయాలి.

తాతకు జవాబు

మా తాత ఇదంతా చూడలేదు. 2011లో పోయాడు. పన్నెండో రోజుకు వెళ్ళగలిగాను. అందరూ భోజనాలయ్యాక నిద్రపోతుంటే, ఆయన ట్రంకుపెట్టె తెరిచాను. పొలం దస్తావేజులు, శిస్తు రసీదులు, మా అమ్మ చిన్నప్పటి స్కూలు ఫొటో, అట్ట చిరిగిన భారతం. బొబ్బిలి ఊసు ఎక్కడా లేదు. మర్నాడు బొబ్బిలి వెళ్ళి, పాత కోట ఉన్న చోట నిలబెట్టిన స్మారక స్తంభం దగ్గర కాసేపు కూర్చుని వచ్చాను. అన్నట్టు బొబ్బిలి ఉన్నది విజయనగరం జిల్లాలోనే. నా స్నేహితుడు ఈ మాట నాకు ఏడాదికొకసారైనా గుర్తుచేస్తారు.

'రాసినోడు సెప్పినోడి కన్నా పెద్దోడా?' కాదు తాతా. ఓర్మ్ నీ కన్నా పెద్దవాడేమీ కాదు. కానీ ఆయన రాసింది పట్టుకుని రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా నిలదీయగలుగుతున్నాం, నువ్వు ఆ రోజు అక్కడ లేవు కదా అని. నీ మాటను నిలదీయాలంటే నువ్వు ఉండాలి. నేను ఫోను చేసి అడిగిన ఆ రోజున, సాక్ష్యం లేదని అలగకుండా, మీ తాత ఏ బురుజు అన్నాడు, ఆయన పేరేమిటి, ఈ సంగతి ఇంకెవరికి తెలుసు అని అడిగి, రాసిపెట్టుకుని ఉండవలసింది. అడగలేదు. ఆధారం లేకపోవడం కన్నా, ఆధారం అవగలిగిన మనిషి ఉండగా అడగకపోవడం పెద్ద తప్పు.

ఈ సంచిక చదువుతున్న మీలో చాలామందికి ఇళ్ళల్లో ఎనభైలు దాటినవాళ్ళున్నారు. ఇండియా వెళ్ళినప్పుడు అటకమీది పుస్తకాలు ఒకసారి దింపి చూడండి. జిల్లా చరిత్రలు, సంస్థానాల చరిత్రలు, పాటల పుస్తకాలు ఎన్నో చెదలు తింటున్నాయి. కాపీహక్కుల గడువు తీరినవైతే స్కాను చేసి ఆర్కైవ్‌లో పెట్టండి. చందుర్తి ఉంది, పద్మనాభం ఉంది, పల్నాడు ఉంది. ఒక్కటి తీసుకోండి. మీ ఊరి వైపువాణ్ణి కాకుండా అవతలి ఊరి వైపువాణ్ణి జతగా పెట్టుకోండి. నా అనుభవంలో వ్యాసం బాగుపడేది అలాగే.

ఇక మా పూర్వీకుడి సంగతి. ఆయన పేరు నాకు తెలియదు. ఏ బురుజో తెలియదు. ఆయన ఉన్నాడనడానికి మూలం లేదు. వికీపీడియాలో ఆయనకు చోటు లేదు, ఉండకూడదు కూడా. ఆ సంగతి ఇప్పుడు నేనే ఒప్పుకుంటాను. అందుకని ఆ ఒక్క వాక్యం ఇక్కడ పెడుతున్నాను. మా తాత నాకు చెప్పాడు, ఆయనకు వాళ్ళ తాత చెప్పాడు: 1757లో బొబ్బిలి కోట బురుజు మీద మావాడొకడు ప్రాణం విడిచాడట.

ఆ 'ట' మాత్రం తీసేయకండి. అది నేర్చుకోవడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.